మండువకు వేళుంది... బెల్టు షాపుకు?

మీ ఊళ్లో కల్లు మండువ ఉందా? ఉంటే అది ఏ వేళకు తెరుస్తారో, ఏ వేళకు మూస్తారో మీకు తెలుసా?

"ఛీ... ఆడవాళ్ల పేజీలో కల్లు గొడవేమిటి?" అని ముఖం చిట్లించకండి. తాగేది ఎవరైనా, తాగినవాళ్లు ఇంటికొచ్చే వేళ లెక్కపెట్టుకుంటూ కూర్చునేది మనమే కదా! అందుకే ఈ సంగతి మన పేజీలోనే మాట్లాడుకోవాలి.

నేను 1987లో కోడలిగా, టీచరుగా ఒకే ఏడాది స్టేషన్ ఘన్‌పూర్‌కు వచ్చాను. పుట్టి పెరిగింది హన్మకొండలో. సికింద్రాబాద్ నుంచి కాజీపేట వెళ్లే రైలు దారిలో, హైదరాబాద్-వరంగల్ రోడ్డు పక్కన ఉన్న ఊరు ఇది. అప్పుడు వరంగల్ జిల్లా. 2016లో కొత్త జిల్లాలు చేశాక జనగామ జిల్లాలోకి వచ్చింది. పక్కనే తాటికొండ. పేరులోనే తాడి ఉంది చూడండి! అక్కడి గుట్ట మీద సర్వాయి పాపన్న కోట ఉంది. పాపన్న సొంతూరుగా చెప్పుకునే ఖిలాషాపూర్ కూడా ఇక్కడికి దూరమేం కాదు. గీత కార్మికుల ఇంట పుట్టి, దండు కట్టి, వరంగల్ కోట మీదికే దండెత్తిన మనిషి. 1710లో పట్టుబడి చచ్చిపోయాడు. ఆయన కథలు చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అంటే కల్లు ఇక్కడ నిన్నా మొన్నా వచ్చింది కాదన్నమాట.

మా అత్తగారింట్లో కల్లు ముట్టరు. కానీ ఇంటి గడియారం మాత్రం మండువే! సాయంత్రం వాకిట్లో కూర్చున్న మా అత్తమ్మ, "మండువోళ్లు మర్లుతున్నరు, ఎసరు పెట్టు బిడ్డా" అనేది. వీధిలో ఎవరు ఎంత తూలుతున్నారో చూసి, ఆ రాత్రి ఏ ఇంట్లో గొడవ జరుగుతుందో ముందే చెప్పేది. చాలాసార్లు ఆమె చెప్పిందే జరిగేది. అంతలోనే చీకటి పడేది, ఊరు పడుకునేది.

కల్లుకు ఆ వేళ ఎవరో ఆఫీసరు పెట్టింది కాదు. చెట్టు పెట్టింది. తాటికైతే గెలను గీస్తారు. ఈతకైతే మానును చెక్కుతారు. గీసిన చోట లొట్టి కడితే చుక్కచుక్కగా పడుతుంది. దించిన కాసేపటికే పొంగడం మొదలవుతుంది. ఉదయం తియ్యగా ఉన్నది సాయంత్రానికి ఘాటెక్కుతుంది, మర్నాటికి పులిసి నోట పెట్టలేం. పొంగిన కల్లులో సారం నూటికి నాలుగో ఆరో పాళ్లు. విస్కీలో అయితే నలభై పైమాటే. కాబట్టి కల్లును దాచిపెట్టడం కుదరదు, లారీలో ఎక్కించి నాలుగు జిల్లాలకు పంపడం కుదరదు, అర్ధరాత్రికి అమ్ముకోవడం కుదరదు. ఏ ఊరి కల్లు ఆ ఊరిదే, ఏ పూటది ఆ పూటకే.

చెట్టుకు సెలవులు కూడా లేవు. ఒక్కరోజు గీయకపోయినా కోసిన చోటు ఎండిపోతుంది. జ్వరమైనా, ఇంట్లో చావైనా మోకు నడుముకు వేసుకుని, గుజి కాళ్లకు తగిలించి ఎక్కవలసిందే. చలికాలమంతా ఎక్కువగా ఈత, ఎండలు ముదిరేకొద్దీ తాడి. పోద్దాడు, పరుపుదాడు అని మగచెట్టుకొక పేరు, ఆడచెట్టుకొక పేరు... నేను సైన్సు టీచరునే కానీ ఈ పాఠం నాకు చెప్పింది మాత్రం మా వీధి చివరి గౌడమ్మ.

గౌడమ్మ మండువ

మండువంటే మీరేం ఊహించుకుంటున్నారో నాకు తెలుసు. సినిమాల్లో చూపించే కల్లు పాక, అందులో ఒక డాన్సు! మా ఊరి మండువలో అలాంటివేమీ లేవు. నాలుగు తాళ్లు, వాటి నీడ, ఒక తాటాకు పందిరి, వరసగా బింకీలు. ఒక పక్క శనగ గుడాలో బొబ్బర గుడాలో, ఎండుచేపలో అమ్మే ముసలమ్మ. చెట్టెక్కి దించేది గౌడాయన, పోసేది, పైసలు లెక్కపెట్టేది గౌడమ్మ.

ఆడవాళ్లూ వచ్చేవాళ్లు. నాటుకు పోయివచ్చిన కూలీ తల్లులు, నడుము నొప్పులున్న ముసలవ్వలు కాస్త దూరంగా కూర్చుని ముంతెడు తాగి లేచిపోయేవాళ్లు. ఎవరూ వింతగా చూసేవాళ్లు కాదు. బోనాలకు, పెద్దల పండుగకు సాక పోయాలన్నా ఆమె దగ్గరికే. పెళ్లయినా, చావైనా ముందు కబురు గౌడు ఇంటికే.

అన్నిటికన్నా పెద్ద సంగతి ఒకటుంది. గౌడమ్మకు తాగేవాడి ఇల్లు తెలుసు. వాడి పెళ్లాం పేరు తెలుసు, పిల్లకు ఫీజు కట్టలేదనీ తెలుసు. "ఇగ నీకు చాలు, లే. ఇంటికాడ పిల్ల ఎదురు చూస్తుంది" అనే అధికారం ఆమెకుంది. వినకపోతే బింకి పక్కకు జరిపేది. బాకీ మరీ పెరిగితే భార్య చెవిన వేసేది. ఇది దయేం కాదు, వ్యాపారమే. వాడు పనికి పోకపోతే రేపు ఆమె బాకీ ఎవరు కడతారు? అయినా ఆ వ్యాపారం ఒక ఇల్లాలి చేతిలో ఉండటం మరో ఇల్లాలికి ఎంతో కొంత కాపు.

ఇంతమాత్రాన అదంతా బంగారు కాలమని నేననను. కల్లు తాగి పెళ్లాన్ని కొట్టినవాళ్లు లేరా? బోలెడుమంది! గౌడమ్మ కష్టమూ తక్కువది కాదు. వానాకాలంలో మొగుడు చెట్టెక్కితే దిగేదాకా ఆమె గుండె గొంతులో ఉండేది. మోకు జారి పడి నడుము విరిగినవాళ్లు, ప్రాణాలే పోయినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. నేను చెప్పేది ఒక్కటే... అప్పుడు తాగుడికి ఒక చోటుండేది, ఒక వేళుండేది, పోసే చేతికి ఒక ముఖముండేది.

ప్యాకెట్టు వచ్చింది

నేను వచ్చేటప్పటికే ఆ మండువకు ఒక దెబ్బ తగిలి ఉంది. 1983లో అధికారంలోకి వచ్చిన ఎన్.టి.రామారావు ప్రభుత్వం సారాను పాలిథిన్ ప్యాకెట్లలో నింపి 'వారుణి వాహిని' పేరుతో సరఫరా చేసింది. పేరు చూడండి, ఏదో గంగా ప్రవాహంలా! ప్యాకెట్టు చవక. జేబులో పడుతుంది. పొలం గట్టు మీదికీ వస్తుంది, బస్సులోకీ వస్తుంది, మంచం కిందికీ వస్తుంది. తాగేవాడు సారా దగ్గరికి పోనక్కర్లేదు, సారాయే వాడి దగ్గరికి వస్తుంది. అన్ని ఊళ్లకూ ఒకే సరుకు, ఒకే ముద్ర. పులియదు, పాడవదు. దీని ముందు పూటకు నాలుగు బింకీల కల్లు ఎంతకని నిలబడుతుంది?

"గా ప్యాకెట్లొచ్చిన యాడాది మా మండువల సగం మంది తక్కువైండ్రు" అని గౌడమ్మ చెప్పేది. అప్పటిదాకా ఇంట్లో పులిసిన కల్లు పారబోసిన రోజు ఆమెకు గుర్తే లేదట.

ఆ ప్యాకెట్టును తరిమింది కూడా ఆడవాళ్లే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతుల్లో 'సీతమ్మ కథ' అనే పాఠం చదువుకున్న ఆడవాళ్లు, "ఇది మన కథే కదా" అనుకుని లేచి వెళ్లి సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ అక్కడినుంచే వచ్చింది. చీపుళ్లు, కారప్పొడి పట్టుకున్న ఆడవాళ్లను చూసి సారా వేలాలు ఆగిపోయాయి. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. ప్యాకెట్లు తెచ్చిన రామారావుగారే 1994 డిసెంబరులో మళ్లీ గెలిచి మద్య నిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. 1995 జనవరి 16 నుంచి అది అమలులోకి వచ్చింది. 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. సారా మీద నిషేధం మాత్రం ఉండిపోయింది. రోశమ్మ 2016లో కన్నుమూసింది.

ఆ రోజుల్లో మా స్టాఫ్‌రూమ్‌లో రోజూ ఇవే కబుర్లు. గెలిచామనుకున్నాం. సారా పోయిన చోట గుడుంబా పొంగింది, సీసా వచ్చింది. సీసా వెనకాలే బెల్టు షాపు వచ్చింది.

లేని దుకాణం

బెల్టు షాపంటే తెలియనివాళ్లు ఉండరు కానీ, పట్నంలో పుట్టి పెరిగిన చెల్లెళ్ల కోసం చెబుతున్నాను. లైసెన్సున్న దుకాణాన్ని మా దగ్గర 'వైన్స్' అంటారు. వైన్సు నుంచి సీసాలు తెచ్చుకుని కిరాణా కొట్టులో, పాన్ డబ్బాలో, ఇంటి ముందు గదిలో అమ్మేదే బెల్టు షాపు. దానికి లైసెన్సు లేదు, బోర్డు లేదు, చట్టం ప్రకారం అది లేనే లేదు! కానీ ఊళ్లో ఏ చిన్నపిల్లాణ్ని అడిగినా దారి చూపిస్తాడు.

ఎందుకిన్ని పుట్టుకొచ్చాయి? లెక్క చూస్తే అర్థమవుతుంది. తెలంగాణలో 2021 నుంచి 2,620 వైన్సులకు లైసెన్సులు ఇస్తున్నారు. ఆ ఏడాది పెట్టిన లెక్క ప్రకారం 5 వేల లోపు జనాభా ఉన్న చోట కూడా ఏడాదికి 50 లక్షల రూపాయలు కట్టాలి. అది దుకాణం దొరికినవాళ్ల సంగతి. 2023లో లాటరీకి దరఖాస్తు పెట్టడానికే 2 లక్షలు, దుకాణం రాకపోయినా తిరిగి ఇవ్వరు. లక్షా 30 వేలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. ఒక్క సీసా అమ్మకముందే ఖజానాకు 2,600 కోట్ల రూపాయలు దాటి వచ్చాయి! ఇంత పోసినవాడు సెంటర్లో కూర్చుని ఎవరొస్తారా అని ఎదురుచూస్తాడా? ఊరూరికీ, వాడవాడకీ సీసా చేరితేనే వాడికి గిట్టుబాటు.

2021లో దుకాణాల్లో నూటికి 15 గౌడ కులస్థులకు, 10 ఎస్సీలకు, 5 ఎస్టీలకు కేటాయించారు. మంచిదే కావచ్చు. కానీ రోజూ చెట్టెక్కే మనిషికి 50 లక్షలు ఎక్కడివి? మా గౌడమ్మ ఈ ముచ్చట విని నవ్వింది. "మాకు దుకాణమిచ్చిండ్రట, దాంట్ల ఏమమ్ముతం టీచరమ్మా? మా కల్లును చంపే సీసనే గద!"

ఇక బెల్టు షాపు నడిపేవాళ్లు రాక్షసులా? మా బడి దారిలో ఒకామె ఉంది. భర్త పోయాడు, ఇద్దరు ఆడపిల్లలు. ఉప్పు, చింతపండు అమ్మితే వచ్చే లాభం కరెంటు బిల్లుకు కూడా చాలదు. కౌంటరు కింద పెట్టిన సీసాల మీద ఎమ్మార్పీకి పదో ఇరవయ్యో ఎక్కువ తీసుకుంటుంది. దాంతోనే పెద్దపిల్లను నర్సింగ్ చదివిస్తోంది. "ఎందుకమ్మా ఇది?" అని ఒకసారి అడిగాను. "నేనియ్యకపోతే పక్కకొట్టు ఇస్తది టీచర్. తాగెటోడు ఆగుతడా? నా బిడ్డ సదువు ఆగుతది గానీ" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఆమె ఎవరికీ "ఇగ చాలు" అని చెప్పదు, చెప్పలేదు. తెల్లారి అయిదింటికి తలుపు కొట్టేవాడుంటాడు. రాత్రి పదకొండుకు కొట్టేవాడుంటాడు. సీసా పులియదు కదా, ఎప్పుడిచ్చినా ఒకటే. మా అత్తమ్మ గడియారం అక్కడ ఆగిపోయింది. మొగుడు ఏ వేళకు, ఏ తీరుగా వస్తాడో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. పొద్దున పాలకని పోయినవాడే తూలుతూ రావచ్చు. నా తరగతిలో మొదటి గంటకే కునికే పిల్లల్ని "రాత్రి టీవీ చూశావా?" అని అడిగేదాన్ని ఒకప్పుడు. తర్వాత తర్వాత అడగడం మానేశాను. రాత్రి రెండింటి దాకా ఇంట్లో గొడవైతే పిల్లలు ఏం పడుకుంటారు?

సీమలోనూ ఇదే గోల

మా అక్క కూతురు బ్రిటన్‌లో ఉంటుంది. పబ్బు అనగానే మనకు జూబ్లీహిల్స్, రంగురంగుల దీపాలు, చెవులు పగిలే పాటలు గుర్తుకొస్తాయి. "అట్ల కాదు పిన్నీ, ఇక్కడి పబ్బంటే మన మండువే. ముసలాళ్లు కూర్చుని ఊరి ముచ్చట్లు చెప్పుకుంటరు" అంది. వాటిని కూడా ఒక చవక గొలుసు దుకాణం వచ్చి మింగుతోందని అక్కడివాళ్లు వాపోతారట.

1979లో టిమ్ మార్టిన్ అనే ఆయన ఉత్తర లండన్‌లో ఒకే ఒక్క పబ్బుతో మొదలుపెట్టాడు. దాని పేరు జె.డి.వెదర్‌స్పూన్. ఇప్పుడు దానికి ఎనిమిది వందల దాకా పబ్బులున్నాయి. మూతబడ్డ సినిమాహాళ్లు, బ్యాంకులు తీసుకుని పబ్బులుగా మార్చేస్తారు. ఒక్కసారే పెద్ద మొత్తంలో కొంటారు కనక బీరు చవక, భోజనమూ చవక. వీధి చివర్లో మొగుడూపెళ్లాలు నడుపుకునే చిన్న పబ్బు ఆ ధరకు ఎక్కడివ్వగలదు? 1980ల మొదట్లో బ్రిటన్‌లో 60 వేలు దాటి ఉన్న పబ్బులు ఇప్పుడు 45 వేల దగ్గరికి వచ్చాయి.

అయితే నేరమంతా ఆ గొలుసు దుకాణం మీదే వేయలేం. సూపర్ మార్కెట్లో ఇంకా చవకగా దొరికే బీరు డబ్బాలు కొనుక్కుని జనం ఇంట్లోనే తాగడం మొదలుపెట్టారు. పన్నులు, అద్దెలు పెరిగాయి. 2007లో పబ్బుల్లో పొగ తాగొద్దన్నారు. ఇవన్నీ కలిసి కొట్టిన దెబ్బ అది. నన్నడిగితే మన బెల్టు షాపుకు దగ్గరి చుట్టం ఆ సూపర్ మార్కెట్టు డబ్బాయే. వెదర్‌స్పూన్‌కు కనీసం ఒక తలుపుంది, మూసే వేళుంది, "నీకు చాలు" అని చెప్పే మనిషి అక్కడ నిలబడి ఉంటాడు.

మన ఆడవాళ్లకు నవ్వొచ్చే సంగతి ఇంకొకటి చెప్పాలి. లండన్‌లో ఎల్ వీనో అని పేరున్న వైన్ బార్ ఒకటుంది. అక్కడ ఆడవాళ్లు కౌంటరు దగ్గర నిలబడితే పోసేవాళ్లు కాదు, వెనక గదిలోకి పోయి కూర్చోమనేవాళ్లు. ఇద్దరు ఆడవాళ్లు కోర్టుకెళ్లి 1982లో గెలిస్తే గానీ ఆ పద్ధతి మారలేదు. అప్పటికి మా ఊరి కూలీ తల్లులు మండువలో దర్జాగా ముంత పట్టుకుని కూర్చుని ఎన్ని తరాలైందో!

చెట్టు దిగిన కొడుకు

గౌడమ్మకు ఇద్దరు కొడుకులు. తండ్రి మోకు ఎవరూ పట్టుకోలేదు. పెద్దవాడు హైదరాబాద్‌లో కారు నడుపుతాడు, చిన్నవాడు ఇక్కడే సెల్‌ఫోన్ల దుకాణం పెట్టుకున్నాడు. చెట్టెక్కేవాడికి పిల్లనివ్వడం లేదట! "పడితే మా బిడ్డ గతేంది?" అంటున్నారు. ఒక తల్లిగా ఆ మాట కాదనలేను. రోడ్డు పక్క పొలాలన్నీ ప్లాట్లయ్యాయి. అడ్డమొచ్చిన తాళ్లు ఇటుక బట్టీలకు పోయాయి. మండువ ఉన్న చోట నాలుగు చెట్లలో ఒకటి మిగిలింది.

పట్నాల్లో కల్లు కథ ఇంకో రకం. చెట్లు తక్కువ, గిరాకీ ఎక్కువ. పైగా విస్కీ సీసాతో పోటీ. కల్లుకు ఆ కిక్కు ఎక్కడినుంచి వస్తుంది? అందుకని క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలపడం. నిద్రమాత్రల్లో ఉండే మందులివి! హైదరాబాద్‌లో 2004లో మూసిన కల్లు దుకాణాలను 2014లో మళ్లీ తెరిచారు. 2015లో కల్తీ మీద దాడులు జరిగి మందు కల్లు దొరకని రోజుల్లో నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు జనం పిచ్చిపట్టినట్టయి ఆస్పత్రుల పాలయ్యారు. 2025 జూలైలో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. పేపర్లో ఆ వార్త వచ్చిన నాడు గౌడమ్మ చిన్నకోడలు పేపరు తెచ్చి నా ముందు పెట్టింది. "చూడుండ్రి టీచర్, చెట్టు కల్లు అమ్మెటోళ్లకు కూడా ఇదే పేరు" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ వారమంతా వాళ్ల మామ దించిన కల్లు చాలావరకు పారబోశారు.

ప్రభుత్వం ఏమీ చేయలేదని కాదు. చెట్ల పన్ను తీసేశారు. చెరువు కట్టల మీద ఈత మొక్కలు నాటించారు. 2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ తెరిచారు. 2024 జూలైలో గీత కార్మికులకు 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో చెట్టెక్కే కిట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. జారినా పడకుండా పట్టుకునే బెల్టు ఉంటుంది అందులో. "బెల్టు" అన్న మాటకు ఇంత మంచి అర్థం కూడా ఉందన్నమాట! నీరా కేఫ్ గురించి మాత్రం నాకు అంత సంబరం లేదు. పట్నంలో కారు దిగి గాజు గ్లాసులో నీరా తాగేవాళ్ల వల్ల మా తాటికొండ దారిలో ఒక మండువ నిలబడుతుందా? నాకైతే నమ్మకం కుదరడం లేదు.

2015లో గుడుంబాను మాన్పిస్తామంటూ ప్రభుత్వమే చవక మద్యం తేవాలనుకున్న సంగతి మీలో ఎంతమందికి గుర్తుంది? ఊరూరా మహిళా సంఘాలు, పార్టీలు గొంతెత్తితే వెనక్కి తీసుకున్నారు. మళ్లీ ప్యాకెట్టు రాకుండా ఆగింది. ఆ మాత్రం గొంతు మనకుంది.

ఆ గొంతుతోనే ఈ ఏడాది మా వీధి మహిళా సంఘం మీటింగులో బెల్టు షాపుల ముచ్చట లేచింది. నేను రిటైరయ్యాక లెక్కలు రాసిపెట్టడానికి వెళుతుంటాను. మొత్తం మూయించాలని సగం మంది పట్టుబట్టారు. కిరాణా కొట్టు ఆమె కూడా మా సంఘం సభ్యురాలే. తలవంచుకుని కూర్చుంది. "మూస్త. నా కిస్తీలు సంఘం కడతదా?" అని అడిగింది. ఎవరూ మాట్లాడలేదు. గౌడమ్మ కోడలు లేచింది. "దుకాణం మూసినా మూయకున్నా, పొద్దుగూకినంక అమ్మొద్దు. మా అత్త అట్లనే అమ్మింది, ఆమె బతకలేదా?" అంది. గంటసేపు అరుపులు, ఏడుపులు. చివరికి తెల్లవారి పదింటి లోపల, రాత్రి ఎనిమిది దాటాక ఒక్క సీసా కూడా ఇవ్వకూడదని, బడి పిల్లల్ని పంపితే అసలే ఇవ్వొద్దని, అప్పు పెట్టొద్దని రాసుకున్నారు. చట్టం ప్రకారం లేని దుకాణానికి మేం వేళలు పెట్టాం! ఆ కాగితం నా చేతిరాతే. అందరూ సంతకాలు పెట్టారు, ఇద్దరు ముసలవ్వలు వేలిముద్రలు వేశారు.

రెండు నెలలైంది. ఎనిమిదింటికి షట్టరు పడుతోంది. వెనక కిటికీ సంగతి వచ్చే మీటింగులో అడుగుతామంటున్నారు.